నిండని గుంత, ఆరో సీసా

మీ వంటింటి బండలు

ఈ మధ్య భూగర్భజలాల శాఖలో కొత్తగా చేరిన ముగ్గురు నిజామాబాదు కంఠేశ్వర్‌లో మా ఇంటికి వచ్చారు. ఉద్యోగం బాగా చేయాలంటే ఏ పుస్తకం చదవాలని అడిగారు. "మీ ఇంట్ల కింద ఏం పరిచిన్రు?" అన్నాను. షాబాదు బండలన్నారు. "అయితే పొయ్యిగట్టు కింద సూసి రాండ్రి. పుస్తకం ఆడనే ఉన్నది" అన్నాను. గేటు దాటాక నన్ను ఏమనుకున్నారో ఊహించగలను. అందుకే వివరంగా రాస్తున్నాను.

షాబాదు బండ సున్నపురాయి. దాని మీద చింతపులుసు చుక్క పడి ఆరిపోతే నునుపు చెదిరి తెల్ల మచ్చ మిగులుతుంది. ఎంత తోమినా పోదు. అది అంటుకున్న మరక కాదు, పులుపు తినేసిన చోటు. వాన నీటిలోనూ రవ్వంత పులుపు ఉంటుంది. గాలిలోంచి కొంత, కుళ్ళిన ఆకుల మట్టిలోంచి మరికొంత. పులుసు చుక్కనైతే ఇంట్లో ఎవరో ఒకరు తుడుస్తారు. వానను తుడిచేవాళ్ళు లేరు. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగి లక్షల ఏళ్ళు తింటూ పోతే వెంట్రుకంత సందు గొట్టమవుతుంది, గొట్టం గుహ అవుతుంది. పైన మాత్రం ఏమీ ఎరగనట్టు చదునైన కంది చేను కనిపిస్తుంది.

ఇరవై ఏడేళ్ళు ఈ కొలువు చేసి, జీపు కుదుపులకు నడుము చెడి, యాభై రెండేళ్ళకే ముందుగా తప్పుకున్నాను. చాయ్ బండి దగ్గర కథలు కల్పిస్తానని నాకు పేరుంది. కాదనను. తాండూరు మెట్ట మీద బిలంలో పడ్డ మేక మూడు నెలలకు పక్క మండలంలో ఊట దగ్గర పిల్లతో సహా బయటపడిందని చెప్తుంటాను. మేక పడింది నిజం. ఊట నిజం. పిల్లను నేను చేర్చాను. బయటికి రావడం కూడా నేనే చేర్చాను.

కానీ ఇప్పుడు రాయబోయే ఖదీర్ సంగతిలో ఒక్క ముక్క కూడా చేర్చను. చేరిస్తే పట్టుకోవడానికి అతని దగ్గర సాక్ష్యం ఉంది.

ఒక్క చుక్కతో సంతకం

నా మొదటి పోస్టింగు తాండూరు వైపు. కనుచూపు మేర చదునుగా పరుచుకున్న సున్నపురాతి మెట్ట. నేను నిజామాబాదులో, గ్రానైటు మీద పుట్టినవాణ్ణి. మా రాయి మొండిది గాని తిరకాసు తెలియనిది. పగులుంటే నీళ్ళుంటాయి, లేకపోతే లేవు. సున్నపురాతి మెట్ట మీద నాకు మొదట అనుమానం పుట్టించింది వాగు. బాగానే పారుతూ వచ్చి, చేను మధ్య తుప్పల దగ్గర మాయమైపోయేది. ఎండిపోవడం కాదు, లోపలికి దిగిపోవడం. రెండు ఊళ్ళ అవతల గట్టు కింద ఒక ఊట వానలు వెనకబడ్డా పారుతూనే ఉండేది. పక్కపక్కనే రెండు బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్ళు పొంగేవి, రెండోదాంట్లో దుమ్ము లేచేది.

బోరు వేస్తుంటే రాడ్డు గరగరమని దిగుతూ దిగుతూ ఒక్కసారి నాలుగడుగులు జారేది. కింద బోలు అన్నమాట. అప్పటిదాకా పైకి వస్తున్న రాతి పిండి ఆగిపోయేది. కంప్రెసరు గాలి ఎటు పోయిందో తెలిసేది కాదు. ఒకసారి ఆ గాలి దూరంగా ఉన్న పాత బావిలో బుడగలై లేచింది. అక్కడ బట్టలు ఉతుకుతున్న ఆమె బట్టలన్నీ వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది. ఇందులో నేనేమీ కలపలేదు.

అక్కడ మా పెద్దసారు సన్నగా, చిటపటలాడుతూ ఉండేవారు. ఒకరోజు సద్దిలోని నిమ్మబద్ద నా చేతికిచ్చి, ఒక రాయిని గీకి ఆ పిండి మీద పిండమన్నారు. సన్నటి నురగ లేచింది. "సున్నపురాయే సార్" అని నోటుబుక్కు తీశాను.

"ఆగు. జానెడు కిందికి గీకి మళ్ళ పిండు."

పిండాను. నురగ లేదు. అక్కడ ఉన్నది సున్నపురాయి కాదు, గట్టిపడిన బంకమన్ను పొర.

"ఒక్క చుక్కకే సంతకం పెడుతుంటివి గదా" అని ఆయన మిగిలిన అన్నం తిన్నారు. ఆ మాట నాకు నోటికి వచ్చింది గాని బుర్రకు ఎక్కలేదని తర్వాత తేలింది.

ఉప్పు పరీక్ష నేర్చుకున్నదీ ఆ మెట్ట మీదే. నీళ్ళు దిగిపోయే గుంతలో బాగా ఉప్పు కలిపి పోస్తాం. అవతల ఊట దగ్గర మీటరు పెట్టుకుని కూర్చుంటాం. ఉప్పు నీళ్ళలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి, ఆ నీళ్ళు ఊట చేరగానే ముల్లు పైకి లేస్తుంది. గుంతకూ ఊటకూ లోపల దారి ఉన్నట్టు. తాండూరులో నేను చేసిన పరీక్షలో ఒకటిన్నర రోజులో ముల్లు లేచింది. ఆ ఒకటిన్నర రోజును జీవితాంతం జేబులో పెట్టుకు తిరిగాను. అదే నా తప్పు.

బెల్లం వాసన వేసే బావి

చాలా ఏళ్ళకు నిజామాబాదుకు బదిలీ అయింది. కొంతకాలానికి అదే పెద్దసారు జిల్లా అధికారిగా వచ్చారు. బోధన్‌కు పడమర, మహారాష్ట్రకు పోయే వైపు ఒక ఊరి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఊరి పేరు రాయను, వాళ్ళు ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నారు. వాన పడ్డప్పుడల్లా మంచినీళ్ళ బావి పులిసిన బెల్లం వాసన వేస్తోందట. రంగు కూడా మారుతోందట. ఊరివాళ్ళు ఆ నీళ్ళు తాగడం మానేసి పశువులకు పెడుతున్నారు.

ఆ ఊరు ఒక మెట్ట పాదాన ఉంది. ఆ మెట్టంతా నల్లరాతి పొరలే. కానీ జొన్నరొట్టెల దొంతరలో ఒక్క గోధుమ రొట్టె పెట్టినట్టు, మధ్యలో ఒక పలచటి సున్నపురాతి పొర ఉంది. తాండూరు నుంచి వచ్చినవాణ్ణి గనక గట్టు కోసుకుపోయిన చోట చూడగానే పోల్చుకున్నాను. మెట్ట పైన గంగారెడ్డి పటేల్ చెరుకు తోట, బెల్లం గానుగ. రెండేళ్ళ కిందట పెద్ద మోటారు పెట్టి గానుగను పెంచాడట. పెనంలో చెరుకురసం మరిగేటప్పుడు సున్నం వేస్తే మడ్డి పైకి తేలుతుంది. ఆ మడ్డి, పెనాలు కడిగిన నీళ్ళు అన్నీ గానుగ వెనక తుప్పల్లో ఉన్న గుంతలో పోస్తారు.

"గీ గుంతకు కడుపు నిండది సారు" అన్నాడు గంగారెడ్డి గర్వంగా. "మా తాత కాలం సంది పోస్తున్నం. ఎన్ని పోసినా పొద్దుగూకే వరకు కాలీ."

నిండని గుంత అనగానే నా చెవులు నిక్కాయి. అయినా గంగారెడ్డి కుర్చీ వేశాడు, వేడి బెల్లం పెట్టాడు, తడబడకుండా మాట్లాడాడు.

కింద బావి దగ్గర మోటారు నడిపేవాడు ఖదీర్. యాభై ఏళ్ళ మనిషి. వాళ్ళ నాన్న అదే బావి మీద పనిచేశాడు. పంపుగది పక్కన పంచాయతీ గదిలోనే అతని కాపురం. ఊళ్ళో అతని మీద ఒక అనుమానం ఉంది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి మొలాసిస్, అంటే చెరుకు మడ్డి పాకం, తీసుకుపోయే ట్యాంకరువాళ్ళు బావి దగ్గర డ్రమ్ములు కడుక్కుంటే ఇతను చూసీ చూడనట్టు ఉంటాడని. బావి గట్టు మీద డ్రమ్ము అడుగు అచ్చు కనిపించింది. దాని చుట్టూ చీమలు. అతని గుమ్మం పక్కన జిగటగా ఒక డ్రమ్ము.

"ఇదేంది ఖదీర్?"

"బర్రెకు సాబ్. గడ్డి మీద సల్లుత."

"యాడికెల్లి తెచ్చినవ్?"

అతను కాసేపు నసిగాడు. "ఇచ్చిన్రు సాబ్... తెలిసినోళ్ళు."

నసిగినవాడు అబద్ధం చెప్తున్నాడని నేను అప్పటికప్పుడు తేల్చేసుకున్నాను. ట్యాంకరు డ్రైవరు స్నేహంగా ఇచ్చి, బావి గట్టు మీద దించిపోయిన డ్రమ్మును పుచ్చుకోవడమే తప్పేమోనని భయపడి నసిగాడని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఎవరికీ చెప్పని ఉప్పు

అయినా పరీక్ష చేయకుండా రాయకూడదు గదా. ఇక్కడ నా తెలివితేటలు చూడండి. ఉప్పు పోస్తున్నట్టు ముందే తెలిస్తే ఖదీర్ బావిలో తానే గుప్పెడు ఉప్పు వేసి నేరం గానుగ మీదికి తోస్తాడని అనుమానం. గంగారెడ్డికి తెలిస్తే పరీక్ష రోజుల్లో గుంతను మూసేస్తాడని అనుమానం. అందుకని ఇద్దరికీ చెప్పలేదు. నవీపేట్‌లో గల్లుప్పు కొని, ఎవరూ గుర్తుపట్టకుండా పాత యూరియా సంచుల్లోకి మార్పించాను. తెల్లవారాక గానుగవాళ్ళు ఇంకా రాకముందు జీపు డ్రైవరు సాయిలు, నేను ఆ సంచులు మోసుకుపోయి గుంతలో కుమ్మరించాం. పక్కనున్న తొట్టి నీళ్ళు వెనకాలే వదిలాం.

"సారు, మనం సేసేది సర్కారు పనేనా?" అన్నాడు సాయిలు. "దొంగతనం లెక్క అనిపిస్తున్నది."

"నోరు మూసుకుని నీళ్ళు ఇడువు."

తర్వాత మూడు రోజులు ఏదో మామూలు పరీక్ష అన్నట్టు బావి దగ్గర మీటరు పెట్టుకుని కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. తాండూరులో ఒకటిన్నర రోజుకే లేచింది. దానికి రెండింతలు చూశాను, ఇక చాలనుకున్నాను. నివేదికలో ఇలా రాశాను: గుంతకూ బావికీ సంబంధం లేదు. కాలుష్యం బావి నోటి దగ్గరే, మనుషుల చేతి వల్ల జరుగుతోంది.

పేరు రాయలేదు. రాయనక్కర లేకుండా రాశాను.

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. రాయిని అనుమానించాలంటే రెండు వారాలు ఎండలో కూర్చోవాలి. మోటారు నడిపేవాణ్ణి అనుమానించాలంటే ఆఫీసులో కుర్చీ చాలు. పంచాయతీ నా కాగితం చదివి ఖదీర్‌ను పనిలోంచి తీసేసింది. నెల తిరిగేలోగా గది ఖాళీ చేయమంది. వీటికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. ఊరు తాగే నీళ్ళలో మురికి కలిపినవాడన్న పేరు. ఆ పేరుతో ఇంకో ఊళ్ళో ఎవరు పని ఇస్తారు?

సీసాల సంచి

ఒక మధ్యాహ్నం పెద్దసారు గది నుంచి పిలుపు వచ్చింది. వెళ్తే ఖదీర్ నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర గోనెసంచి. నన్ను చూడగానే వేలు చూపించాడు.

"గీ సారే సాబ్. పటేల్ గుంతల తెల్లగ ఏందో కుమ్మరిచ్చిండు. మేకల కోసం పైకి పోయినప్పుడు నా కండ్లతోని సూసిన. యూరియా సంచులు. మా బాయిల ఇసం, జహర్ కలిపి నా మీద ఏసెటందుకు."

పెద్దసారు నా వైపు తిరిగారు. "పోసినవా?"

"పోసిన సార్. ఉప్పు."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు సార్. చెప్తే ఈయన బాయిల ఉప్పు కలుపుతడని..."

"అగో!" అన్నాడు ఖదీర్. "నన్ను దొంగ అనుకున్నడు. నేను ఈనను దొంగ అనుకున్న. బరాబర్!"

"మరి సంచిల ఏందయ్యా?" అని అడిగారు పెద్దసారు.

ఖదీర్ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. ఫంక్షన్ హాల్లో ఏరుకొచ్చిన నీళ్ళ సీసాలు. ఒక్కోదానికి ప్లాస్టర్ ముక్క, దాని మీద ఉర్దూలో తేదీ. నేను గుంతలో సంచులు కుమ్మరించిన రోజు నుంచి ప్రతి ఉదయం బావి నీళ్ళు ఒక సీసా పట్టి పెట్టాడు. నా మీద కేసు వేయడానికి. పని పోయాక కూడా మానలేదు, గది ఖాళీ చేసే రోజు ఇంకా రాలేదు గనక బావి అతని గుమ్మం ముందే ఉంది. పదిహేను సీసాలు.

"తాగి సూసినవా?" అన్నాను ఉండబట్టలేక.

"పాగల్ గాన్ని అనుకున్నవా సాబ్? నువ్వు పోసింది నేనెందుకు తాగుత?"

పెద్దసారు మీటరు తెమ్మన్నారు. మొదటి సీసా మామూలే. రెండు, మూడు, నాలుగు, ఐదు అన్నీ నేను బావి దగ్గర చూసిన అంకె చుట్టే తిరిగాయి. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆరో సీసాలో మీటరు తీగ ముంచాను. ముల్లు లేచింది. ఏడోదాంట్లో ఇంకా పైకి పోయింది. తొమ్మిది నుంచి మెల్లగా దిగుతూ, పదిహేనో సీసాకు మళ్ళీ మొదటి చోటికి వచ్చింది.

నా కొలువు మొత్తంలో చూసిన అన్నిటికంటే చక్కటి ఉప్పు పరీక్ష అది. అందులో ఒక్క కొలత కూడా నాది కాదు.

అంతటితో ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను? "సార్, ఈయనే సీసల్ల ఉప్పు కలిపిండేమో" అన్నాను.

పెద్దసారు నిమ్మబద్ద నాటి చూపు చూశారు. "నువ్వు పోసింది జహర్ అనుకుంటున్నడు. నీ మీద కేసు పెట్టెటోడు సీసల జహర్ కలుపుతడా, ఉప్పు కలుపుతడా? అది ఉప్పన్న సంగతి నువ్వు ఎవ్వరికి చెప్పలేదంటివి గదా."

నిజమే. నా అనుమానం కొద్దీ నేను దాచిన రహస్యమే అతని సీసాలకు సాక్ష్యమైంది.

అసలు ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. తాండూరు మెట్టలో దారులు నిలువెత్తు బోలు గొట్టాలు. ఈ మెట్టలో సున్నపురాతి పొర పలచన. అందులో దారులు ఇరుకు, అక్కడక్కడ నల్లమట్టి కూరుకుపోయి ఉంది. నీళ్ళు పాకుతూ వస్తాయి. ఒక మెట్ట గడియారాన్ని నేను ఇంకో మెట్ట గోడకు తగిలించాను.

ఎర్ర పెన్సిలు

పెద్దసారు ఆ సీసాలను చూసి కూడా సంతకం పెట్టలేదు. పరీక్ష మళ్ళీ చేయించారు. ఈసారి ఊళ్ళో చాటించి మరీ. ఉప్పు సంచులు అందరి ముందు విప్పాం, రుచి చూడమన్నాం. గంగారెడ్డి మనిషి ఒకడు, ఖదీర్, నేను, ముగ్గురం వంతులేసుకుని బావి దగ్గర కూర్చున్నాం. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కాబట్టి ఒక్క పూట కూడా తప్పలేదు. నా అనుభవంలో అంత శ్రద్ధగా జరిగిన పని ఇంకోటి లేదు. మధ్యలో ఒక వాన పడింది. ఐదో రోజు సాయంత్రమే ముల్లు కదిలింది.

"పోయినసారి కంటె ఒక పూట ముందే వచ్చింది" అన్నాడు ఖదీర్ అనుమానంగా.

"వానకు నీళ్ళు జల్ది వచ్చినయ్" అన్నాను.

"అవునా? రాసుకుంట" అని నిజంగానే రాసుకున్నాడు.

గంగారెడ్డి మొఖం మాడ్చుకున్నాడు. "మా తాత కాలం సంది మింగుతనే ఉన్నది గా గుంత."

"మింగుడు మింగుతది పటేలా" అన్నాడు ఖదీర్, "అరుగుత లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చివరికి గంగారెడ్డి కూడా నవ్వి, గానుగ నీళ్ళకు సిమెంటు తొట్టి కట్టిస్తానన్నాడు. కట్టించాడు కూడా, నేను రెండుసార్లు చెప్పకుండా పోయి చూసి వచ్చాను.

ఇక నివేదిక. నేను గడుసుగా రాశాను: "తాజాగా లభించిన సమాచారం మేరకు గత అభిప్రాయాన్ని సవరించడమైనది." పెద్దసారు ఎర్ర పెన్సిలు తీశారు.

"గా తాజా సమాచారానికి పేరు లేదా?"

"ఉన్నది సార్. ఖదీర్."

"రాయి. గత అభిప్రాయం ఎవలది?"

"నాదే సార్."

"అది గూడ రాయి. తప్పు అన్న మాట రాయి. సవరించుడు అంటే పంచాయతీకి ఏం సమజైతది? గాయినకు గది ఇయ్యాలె, పని ఇయ్యాలె."

మూడుసార్లు తిరగరాశాను. చివరికి నిలిచింది రెండే వాక్యాలు. మొదటి నివేదికలో నేను తప్పు రాశాను. బావి నీళ్ళు చెడడానికి ఖదీర్ కారణం కాదు. ఆ కాగితాన్ని పంచాయతీలో నేనే నిలబడి చదివాను. చదువుతుంటే ఖదీర్ నా వెనక నిలబడి, కాగితంలో ఉన్నదే చదువుతున్నానో లేదో తొంగి చూశాడు. తెలుగు అక్షరాలు అతనికి రావు. అయినా చూశాడు. వారం తిరక్కముందే మళ్ళీ మోటారు అతని చేతికి వచ్చింది.

సగం సీసా

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. అనుమానం లేకుండా ఈ పని చేయలేరు. చదునైన నేలను అనుమానించండి, మాయమయ్యే వాగును, నిండని గుంతను అనుమానించండి. మీటరు పలకకపోతే ఇంకో వారం కూర్చోండి. కానీ మీ అనుమానాన్ని సంచిలో కట్టి దాచుకోకండి. ఏ గుంతలో ఏం పోస్తున్నా, మీరంటే పడనివాడికి ముందు చెప్పి పోయండి. వాడు మీకంటే బాగా కాపలా కాస్తాడు. నా అదృష్టం కొద్దీ నేను చెప్పకపోయినా ఒకడు కాశాడు.

నేను కొలువు వదిలే రోజు ఆఫీసులో శాలువా కప్పి, చాయ్, సమోసా ఇచ్చారు. చివర్లో ఖదీర్ వచ్చాడు. శుభ్రంగా ఉతికిన తెల్ల లాల్చీ, చేతిలో పాత కాగితంలో చుట్టిన పొట్లం. విప్పితే సీసా. దాని మీద మాసిన ప్లాస్టరు, ఉర్దూలో తేదీ. ఆరో సీసా.

"మీకు ఇయ్యాలనిపించింది సాబ్. యాదికుంటది."

ఇంతమందిలో కంటనీరు పెట్టుకోవడం ఇష్టం లేక సీసాను వెలుతురుకు పట్టి చూశాను. నీళ్ళు సగానికే ఉన్నాయి. మూత గట్టిగానే ఉంది.

"ఇదేంది ఖదీర్, సగమే ఉన్నది? ఆవిరైపోయిందా?"

"లేదు సాబ్" అన్నాడు అతను నెమ్మదిగా. "మిగతా సగం ఇంట్ల దాచి పెట్టిన. మీరు మళ్ళ ఏమన్న రాస్తే అక్కరకొస్తది."